మామిడి టెంకయు, కత్తి వాదరయు

రాయపూరు నగరమునందలి డబ్ల్యూఆర్ఎస్ కాలనీ అనగానే దసరానాడు మైదానమున దగ్ధమగు మహాకాయ రావణప్రతిమయే అన్యులకు జ్ఞప్తికి వచ్చునుగాని, ఆ మూడక్షరముల వెనుకనున్న వాగన్ల మరమ్మతు కర్మశాల సంగతి నెరిగినవారికి మాత్రము, ఇనుము ఎప్పుడు వంగును, ఎప్పుడు విరుగును, ఎంతకాలమునకు అరుగును అను మూడు ప్రశ్నలతో నిత్యము సహజీవనము చేయు జనుల నివాసముగా ఆ ప్రదేశము గోచరించును. విజయనగరమునుండి రాయపూరు వరకు 1931లో రైలుమార్గము పూర్తియైన పిమ్మట, కళింగాంధ్రమునకును ఈ వరిమైదానమునకును నడుమ రాకపోకలు సుగమములై, రైల్వే కొలువులతోపాటు తెలుగు సంసారములును, ఆ సంసారములతోపాటు ఆవకాయ జాడీలును ఇచ్చటికి చేరినవి. స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేతిపనిగా చేసిన కత్తిని పరీక్షించుట యెట్లు అను ఈ వ్యాసమునకు ఆవకాయతో సంబంధమేమని పాఠకులు శంకింపవచ్చును. ఆ సంబంధము చాల దగ్గరిది.

ఆవకాయకు ఎంచుకొను కాయ పచ్చిదై, పుల్లనిదై, పీచుగలదై, టెంక ముదిరినదై యుండవలెను. ప్రతి ముక్కకును టెంకపెంకు అంటియుండవలెను. లేనిచో ఏడాది తిరుగకమునుపే ఊటలో ముక్క మెత్తబడిపోవును. కనుక ఆ కాయపై దిగిన అలుగు ఒక్క వ్రేటులో పలుచని తొక్కను, రసపూరితమైన కండను, ముదిరిన టెంకను, లోపలి మెత్తని జీడిని వరుసగా భేదింపవలసి యుండును. తొక్క కత్తియొక్క పదునును అడుగును. టెంక దాని బలమును అడుగును. పులుసురసము ఆ లోహముయొక్క రసాయనిక స్వభావమును అడుగును. ఈ మూడింటికిని సమానముగా బదులు చెప్పగల ఉక్కు ఇంతవరకు పుట్టలేదు. ఒకదానిని హెచ్చించిన మరొకటి తగ్గును. కత్తిని పరీక్షించుట యనగా, చేసినవాడు ఆ తగ్గింపును ఎచ్చట అంగీకరించెనో కనిపెట్టుటయే.

మొదట రసము సంగతి. మామూలు కర్బనపుటుక్కుతో చేసిన కత్తిని మామిడికాయపై ప్రయోగించినచో, ఆమ్లము ఇనుమును కొద్దికొద్దిగా కరగించును. కరగిన ఆ ఇనుము కాయలోని వగరుపదార్థములతో కలిసి నీలినలుపు వర్ణమునొందును. ముక్కల అంచులు నల్లబడుటకు కారణమిదియే. ఉక్కునందు క్రోమియము నూటికి పదిన్నర పాళ్లకు మించినప్పుడు, దాని ఉపరితలమున కొద్ది నానోమీటర్ల మందము మాత్రమేగల క్రోమియము ఆక్సైడు పొర యేర్పడి, గీత పడినను గాలి సోకిన మాత్రమున తనంతట తానే పూడుకొనుచు, లోపలి ఇనుమును కాపాడును. అయితే ఉప్పు ఈ పొరకు శత్రువు. ముక్కలు కోసి, ఉప్పుకారములు కలిపిన చేతితోనే పట్టుకొని, కడుగక రాత్రియంతయు విడిచిన స్టెయిన్‌లెస్ కత్తిపైన సైతము మరునాటికి సూదిమొనంత గుంటలు కనబడుట అసంభవము కాదు. మచ్చపడని ఉక్కు అనుట ఒక మర్యాద. మచ్చకు చాలకాలము లొంగని ఉక్కు అనుట సత్యము.

ఈ లోహముయొక్క పూర్వచరిత్రలో మన తెలుగునేలకును కొంత భాగము కలదు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో ఉక్కు కరగించు విధానమును, లాంబ్టన్ సర్వే బృందమున వైద్యుడుగాను భూవిజ్ఞానిగాను పనిచేసిన హెన్రీ వాయ్సే చూచి వ్రాసిపెట్టగా, అతని మరణానంతరము 1832లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అది ప్రకటితమయ్యెను. ఆ ఉక్కుకై పారశీక వర్తకులు అంతదూరము వచ్చుచుండిరని అందు కలదు. ఇట్టి దక్షిణాపథపుటుక్కు యొక్క రహస్యమును ఛేదింపబూని, కమ్మరి కుమారుడైన మైకేల్ ఫారడే, కత్తులు చేయు జేమ్స్ స్టోడార్టుతో కలిసి, ఉక్కుకు పలులోహములను మేళవించి చూచి, 1820లో ఆ ప్రయోగములను ప్రకటించెను. రహస్యము చిక్కలేదుగాని మిశ్రలోహముల అన్వేషణమునకు బాట పడినది. మరుసటి సంవత్సరమే ఫ్రాన్సులో పియెర్ బెర్తియే, క్రోమియము కలిసిన ఇనుము ఆమ్లములకు లొంగదని గమనించెను. తరువాత దాదాపు శతాబ్దము గడచి, 1913 ఆగస్టులో ఇంగ్లండునందలి షెఫీల్డు పట్టణమున, తుపాకి గొట్టములు లోపల అరిగిపోవుటను నివారింపగోరి హారీ బ్రేర్లీ పోతపోసిన ఉక్కులో నూటికి 12.8 పాళ్లు క్రోమియము, 0.24 పాళ్లు కర్బనము ఉండెను. తుపాకుల మాట యెట్లున్నను, అది కత్తులకు పనికివచ్చునని బ్రేర్లీ గ్రహించెను. షెఫీల్డు కత్తిపనివారు మాత్రము తాము మామూలు ఉక్కును కాల్చు వేడిమిలోనే దీనిని కాల్చి, పదును నిలువక విసిగి, తెగని కత్తులను కనిపెట్టిన మహానుభావుడని అతనిని ఎగతాళి చేసిరి.

ఆ ఎగతాళిలో మన విషయమునకు కావలసిన పాఠమంతయు ఇమిడియున్నది. దోషము ఉక్కులో లేదు, వేడిమిలో నున్నది. మన పల్లె కమ్మరి కొడవలిని కొలిమిలో పెట్టి, చెర్రీపండు రంగు వచ్చినంతనే తీసి నీటిలోనో నూనెలోనో ముంచును. కర్బనపుటుక్కునకు అవసరమైన వేడిమి సుమారు 800 డిగ్రీలు. ఆ దరిదాపుల ఇనుము అయస్కాంతమునకు అంటుకొనుట మానివేయును గనుక, కంటిని నమ్మనివారు అయస్కాంతమునైనను నమ్మవచ్చును. స్టెయిన్‌లెస్ ఉక్కు విషయమున ఈ రెండు గురుతులును వ్యర్థములు. క్రోమియము కర్బనమును కార్బైడు కణములుగా బంధించి పట్టుకొనియుండును. ఆ బంధము సడలి, కర్బనము ఉక్కు ముద్దలోనికి కరగుటకు సుమారు 1050 నుండి 1080 డిగ్రీల వేడిమిలో కొన్ని నిమిషములు నిలుపవలెను. అంతకు తక్కువైనచో కర్బనము చాలక కత్తి మెత్తబడును. ఎక్కువైనచో రేణువులు పెరిగి పెళుసగుటయో, చల్లారిన తరువాత గూడ మార్పుచెందని మెత్తని ఆస్టెనైటు మిగిలిపోవుటయో సంభవించును. అందువలననే ఈ పనిలోనికి దిగిన చేతికత్తుల కర్తలు వేడిమిని కొలుచు థర్మోకపుల్ గల విద్యుత్కొలిమిని కొని, ఎఱ్ఱగా కాగిన అలుగును రెండు దళసరి అల్యూమినియము పలకల నడుమ నొక్కి చల్లార్చి, వీలైనచో ద్రవనైట్రోజనులో ముంచి, చివరకు 150 నుండి 200 డిగ్రీలలో రెండుమార్లు పదను సడలింతురు. ఈ కడపటి మెట్టు లేనిచో అలుగు గాజువలె పగులును. సడలింపునకు 500 డిగ్రీల ప్రాంతము ఎంచుకొన్నవారు తమ క్రోమియమును తామే మరల కార్బైడులకు ధారవోసి, తుప్పునకు ద్వారము తెరతురు.

ఇట్లు తయారైన అలుగునకు సాధారణముగా జరుగు మొదటి పరీక్ష రాక్‌వెల్ కాఠిన్యపరీక్ష. అమెరికాలో బేరింగుల కర్మాగారమున పనిచేయుచు హ్యూ, స్టాన్లీ రాక్‌వెల్ అనువారు 1914లో హక్కుపత్రమునకు దరఖాస్తు పెట్టిన ఈ యంత్రమున, 120 డిగ్రీల కోణముగల వజ్రపుమొనను 150 కిలోల బరువుతో ఉక్కులోనికి నొక్కి, అది దిగిన లోతును కొలుతురు. నూరునుండి లోతును తీసివేయు పద్ధతి. ఒక్కొక్క అంకమునకు రెండు మైక్రోమీటర్లు. కావున 60 అంకముల కత్తి యనగా వజ్రము 0.08 మిల్లీమీటరు దిగినదని అర్థము. కత్తుల ప్రకటనలయందు ఈ అంకమునే ఘనముగా చాటుదురు. కాని ఇది కత్తి ఎంతకాలము తెగునో చెప్పదు, ఎక్కడ విరుగునో చెప్పదు. ఒత్తిడికి వంగిపోకుండ ఎంతవరకు నిలుచునో మాత్రము చెప్పును. మా కాలనీలో, కర్మశాల కొలువునుండి విశ్రాంతి పొంది, పెరటిలో చిన్న మోటారు సాన పెట్టుకొని కత్తులు చేయు వృద్ధుడొకరు ఈ సంగతిని ఒక్క ముక్కలో తేల్చిరి: “గట్టిగుంటే సరిపోతాదేటి మాస్టారూ, ఇరగకుండా ఉండొద్దా?”

గట్టిదనము వేరు, విరుగకుండుట వేరు. మొదటిది కాఠిన్యము, రెండవది దార్ఢ్యము. ఇవి రెండును తరచుగా ఎదురుబొదురుగా నిలుచును. వీనికి తోడు మూడవది, అరుగుదలకు లొంగకుండుట. పదును నిలుచుట యని వాడుకలో మనము చెప్పునది ఈ మూడింటి కలగలుపే. వాదర మొక్కవోయినదని యనుకొనునప్పుడు అది అరిగినదో, మడతపడినదో, పెచ్చులూడినదో కంటితో చూడక మందు వేయుట తగదు.

అరుగుదలను కొలుచుటకు షెఫీల్డులోనే కత్తుల పరిశ్రమకై యేర్పడిన కాట్రా అను పరిశోధనసంస్థ ఒక యంత్రమును నిర్మించినది. దాని పద్ధతియే నేడు అంతర్జాతీయ ప్రమాణమైనది. వాదరను పైకి త్రిప్పి బిగించి, దానిపై దొంతరగా పేర్చిన ప్రత్యేకపు అట్టముక్కలను 50 న్యూటన్ల బరువుతో అదుముచు, కత్తిని ముందుకు వెనుకకు 40 మిల్లీమీటర్ల మేర నడిపింతురు. అరువది ఆవృత్తులలో ఎంత అట్ట తెగినదో కూడినచో ఆ కత్తియొక్క ఆయుష్షు తెలియును. ఆ అట్టలో నూటికి అయిదు పాళ్లు సిలికా, అనగా ఇసుకను కలుపుదురు. ఎందులకు? పదనుపెట్టిన ఉక్కు ముద్దకంటె సిలికా కఠినము. క్రోమియము కార్బైడులు సిలికాకంటెను కఠినములు. వెనేడియము కార్బైడులు వానినిగూడ మించినవి. కావున ఇసుకరేణువు ఉక్కును గీసివేయునుగాని, కార్బైడు కణమును తాకి ఆగిపోవును. కార్బైడులు అధికముగానున్న ఉక్కు ఈ యంత్రముపై గెలుచుట అందువలననే.

ఈ ప్రయోగము ఛత్తీస్‌గఢ్ వరిచేలలో యంత్రము లేకయే యేటేటా జరుగుచున్నది. వరిపైరు నేలలోని సిలికాను పీల్చి ఆకులయందును, ఊకయందును నింపుకొనును. ఊకను కాల్చిన బూడిదలో అత్యధికభాగము సిలికాయే. కోతలకు దిగిన కూలీ పూటకొకమారు కొడవలికి ఎందుకు సానపట్టవలసివచ్చునో, షెఫీల్డువారు అట్టలో ఇసుక ఎందుకు కలిపిరో, రెంటికిని కారణమొక్కటే. మన వంటయింటిలో సైతము చేమదుంపకు, ముల్లంగికి అంటిన మట్టియే కూరకంటె ఎక్కువగా కత్తిని అరగదీయును. బాగుగా కడిగి తరిగిన యిల్లాలి కత్తి రెండింతలు నిలిచిన నాకు ఆశ్చర్యముండదు.

యంత్రము లేనివారు జనపతాడును ఆశ్రయింతురు. వంటయింటి ఎలక్ట్రానిక్ త్రాసుపై కొయ్యపలక నుంచి, దానిపై తాడు పరచి, ముందుగా గీతగీసి గుర్తించుకొన్న వాదరభాగముతోనే, కోయుటకు లాగక నిలువున నొక్కుచు, తెగిన క్షణమున త్రాసు చూపిన అంకమును వ్రాసికొనవలెను. మొదట కొద్ది కిలోల ఒత్తిడితోనే తెగిన తాడు, కోతలు సాగిన కొలది ఎక్కువ బరువును కోరును. తొలినాటి పదును చరచర తగ్గి, పిమ్మట చాలసేపు ఒక్కతీరున నిలుచుట అందరు గమనించు వింత. బజారులో కాగితముపై జుయ్యిమని కోసిచూపు కత్తులన్నియు ఆ మొదటి దశలోనివే. వానిని చూచి మురియుట వ్యర్థము. ఒకే తాడుచుట్టనుండి, ఒకే దినమున, రెండు కత్తులను పోల్చినప్పుడే ఈ పరీక్షకు విలువ. తాడులోని మట్టియు తేమయు చుట్టచుట్టకును మారును.

ఇచ్చట చాలమంది పరీక్షకులు తొట్రుపడు స్థలమొకటి కలదు. రెండు కత్తుల ఉక్కులను పోల్చుచున్నామని తలచుచు, నిజమునకు రెండు అంచుకోణములను పోల్చుదురు. ప్రక్కకు 20 డిగ్రీల కోణమున సానపట్టిన మేలిరకపుటుక్కుకంటె, 12 డిగ్రీలకు పలుచన చేసిన సామాన్యపుటుక్కు ఎక్కువ అట్టను కోయగలదు; మొద్దుబారిన తరువాత గూడ పలుచని అంచు పదార్థములోనికి సులభముగా దిగును. ఉక్కుపేరు చెప్పి కత్తిధర చెప్పువారు కోణమును చెప్పకుండుట నాకు ఎల్లప్పుడును అనుమానాస్పదమే.

అట్లైన ప్రతి కత్తిని పలుచన చేయరాదా? టెంక ఒప్పుకొనదు. దార్ఢ్యపరీక్ష ఇచ్చట ప్రారంభమగును.

ఉక్కు విరుగుటను కొలుచు విద్య రైళ్లతోను, వంతెనలతోను పెరిగినది. ఈ కాలనీకి ముప్పది కిలోమీటర్ల దూరమున, 1959లో తొలి ఊదుకొలిమి వెలిగిన భిలాయి కర్మాగారము దేశమునకు రైలుపట్టాలను అందించుచున్నది. పట్టాముక్కపై ఎత్తునుండి బరువును పడవేసి అది పగులునో నిలుచునో చూచుట ఆ పరిశ్రమలో పాతకాలపు ఆచారము. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జార్జి షార్పీ 1901లో దీనికి లెక్కను జతచేసెను. లోలకముగా వ్రేలాడు సుత్తిని విడిచినప్పుడు, అది అడ్డుగానున్న ఉక్కుకడ్డీని విరుగగొట్టి అవతలకు ఎంత యెత్తునకు లేచునో చూచినచో, విరుచుటకు వ్యయమైన శక్తి తెలియును. మామూలు కడ్డీ పది మిల్లీమీటర్ల చదరపు కోతతో, 55 మిల్లీమీటర్ల పొడవుతో, నడుమ గంటుతో ఉండును. కత్తి ఉక్కులు మిక్కిలి కఠినములగుటచే గంటుపెట్టినచో అన్నియు ఒక్కటిగానే పుటుక్కున విరిగి తారతమ్యము తెలియదు. కావున అమెరికా లోహశాస్త్రజ్ఞుడు లారిన్ థామస్ వంటివారు రెండున్నర మిల్లీమీటర్ల మందముగల, గంటులేని పలకలను వాడుదురు.

ఈ పరీక్షలలో తేలిన ముఖ్యాంశము కార్బైడు పరిమాణము. నూటికి ఒక పాలు కర్బనము, 17 పాళ్లు క్రోమియము గల 440సి అను ప్రసిద్ధపుటుక్కులో కొన్ని కార్బైడు కణములు పది మైక్రోమీటర్లను మించును. స్వీడన్ దేశమున క్షౌరపు బ్లేడులకై రూపొందిన ఏఈబీ-ఎల్ ఉక్కులో కర్బనము 0.67, క్రోమియము 13 పాళ్లు మాత్రమే. అందలి కణములు ఇంచుమించు ఒక మైక్రోమీటరులోపువి. బాగుగా నూరిన వాదర కొన ఒక మైక్రోమీటరుకంటె సన్నము. ఆ కొనకంటె పదిరెట్లు పెద్దదైన కణము అంచున ఇరుకుకొనియున్నచో, దెబ్బ తగిలినప్పుడు బీట అచ్చటనే పుట్టి, కణమును వెంట తీసికొని పెచ్చు లేచును. సమాన కాఠిన్యమున రెండవ ఉక్కు మొదటిదానికంటె ఎంతో హెచ్చు దార్ఢ్యమును చూపుటయు, ఇసుక అట్టపై మొదటిది కొంత మెరుగగుటయు ఒకే హేతువుయొక్క రెండు ఫలములు.

కాఠిన్యపరీక్ష చుక్కంత గుంటతో ముగియును; పదును పరీక్షించినచో మరల సానపట్టవచ్చును; దార్ఢ్యపరీక్ష మాత్రము వస్తువునే బలికోరును. కర్మశాలలో వాగను ఇరుసును అల్ట్రాసోనిక్ తరంగములతో శోధించి లోపలి పగులును కనుగొందురుగాని, పగులులేని ఉక్కు ఎంత దెబ్బకు పగులునో ఆ తరంగము చెప్పదు. కనుక వివేకియగు కత్తిపనివాడు అదే పలకనుండి అదనపు ముక్క నొకదానిని కోసి, అలుగుతోపాటే కాల్చి, చల్లార్చి, సడలించి, పట్టుడలో (వైసులో) బిగించి సుత్తితో విరుచును. విరిగిన ముఖము బూడిదవన్నెతో మసకగా, నున్నగా నున్నచో రేణువు సన్నము. పంచదార పలుకులవలె తళుకులీనినచో కొలిమి హద్దుమీరినది.

అమెరికాలో 1976లో బిల్ మోరన్ ప్రభృతులు స్థాపించిన కమ్మరుల సంఘమువారి పరీక్ష ఈ విషయమున లోకప్రసిద్ధము: వ్రేలాడు తాడును ఒక్క వేటున తెగనరుకుట, కొయ్యదూలమును రెండుమార్లు నరుకుట, ఆ తరువాతను చేతివెండ్రుకలను గొరుగగలుగుట, కడపట అలుగును పట్టుడలో తొంబది డిగ్రీలు వంచుట. దీనిని స్టెయిన్‌లెస్ కత్తికి అంటగట్టుట అన్యాయము. ఆ పరీక్ష కర్బనపుటుక్కునకు ఉద్దేశింపబడినది. ఆ కమ్మరులు వాదరను మాత్రము కఠినముచేసి వెన్నును మెత్తగా విడుతురు. పలకల నడుమ నిలువెల్ల చల్లారిన స్టెయిన్‌లెస్ అలుగు అంతటను సమకఠినమగుటచే, తొంబది డిగ్రీలకు ముందే విరిగినను దాని వాదరకు లోపమున్నట్లు కాదు.

వాదరకే ప్రత్యేకమైన పరీక్ష ఇత్తడికడ్డీది. పెన్సిలు లావు ఇత్తడికడ్డీని అడ్డముగా బిగించి, దీపమునకు ఎదురుగా నిలిచి, సానపట్టు కోణమున అలుగును కడ్డీపై ఆనించి మెల్లగా నొక్కుచు మడమనుండి మొనవరకు జరుపవలెను. నొక్కినచోట సన్నని అంచు అవతలికి ఉబికి, ఆ ఉబుకు ఒక వెలుగుచుక్కగా వాదర వెంబడి ప్రయాణించుట కంటికి కనబడును. కడ్డీ దాటినంతనే ఆ అంచు తిరిగి నిటారైనచో వేడిమియు సడలింపును సరిపోయినవి. వంగినది వంగినట్లే యున్నచో ఉక్కు మెత్తన. కరకరమని చెక్కలూడినచో పెళుసు. లేదా కాఠిన్యమునకు తగని పలుచదనము.

ఇవన్నియు గడచిన కత్తికే టెంకపరీక్ష. కాయను పలకపై నిలిపి, అలుగును నిలువున దించినంతవరకు మంచి కత్తికి అపాయము తక్కువ. సగముదిగి ఇరుకుకొన్నప్పుడు మనుష్యుడు అసహనముతో మణికట్టును త్రిప్పును. పీచుల నడుమ బిగిసిన అంచుపై ఆ మెలి ప్రక్కనుండి పడును. పెచ్చు లేచుట చాలవరకు అప్పుడే. అందువలననే బల్లకు బిగించిన ఆవకాయకత్తికి అలుగును ఒకే తలమున కదలనిచ్చు బందు నమర్చిరి. అది మన పెద్దల ఇంజనీరింగు. కావున చేతికత్తిని పరీక్షించునప్పుడు తిన్నని వ్రేటులను వేరుగను, మెలిత్రిప్పిన వ్రేటులను వేరుగను చేసి, ప్రతిమారును వాదరను భూతద్దమున చూడవలెను. అంచు పొడవునను ఒకే తీరుగ తళుకుగీత కనబడినచో అరుగుదల. గీత ఒక ప్రక్కకు పొర్లి వ్రేలికి గరుకుగ తగిలినచో మడత. అర్ధచంద్రాకారపు లొత్తలు కనబడినచో పెచ్చులు.

పెచ్చు లేచిన వెంటనే ఉక్కును నిందింపరాదు. క్రొత్తకత్తికి తొలి అంచును మోటారు సానపై తీయునప్పుడు, ఆ సన్నని కొన చేతికి తెలియకయే కాగి, పైపొర పదను చెడియుండును. కావున నీటిరాయిపై చేతితో రెండు మూడుమార్లు నూరి, చెడిన పొరను తీసివేసి మరల పరీక్షింపవలెను. అప్పటికిని లొత్తలు పడినచో ప్రక్కకు 15 డిగ్రీలనుండి 20 డిగ్రీలకు కోణము పెంచి చూడవచ్చును; అటుపిమ్మట సడలింపు వేడిమిని పాతిక డిగ్రీలు పెంచి ఒకటి రెండు అంకముల కాఠిన్యమును వదులుకొనవచ్చును. ఇంతచేసినను మామిడి టెంకకే పెచ్చులూడు అలుగును మరల 1050 డిగ్రీల కొలిమికి పంపి, ఈసారి ప్రక్కన విరుచుటకు ఒక తోడుముక్కను గూడ పెట్టవలసినదే.